ఖాళీ ఫైలు

హసావి గల్లీల, మెట్ల కింద
నా దుకాణం.
దుకాణమంటే ఒక్క కుర్సీ, అంచు పగిలిన అద్దం,
మొలకు తగిలేసిన తువ్వాల.
బోర్డు లేదు, లైసెన్సు లేదు.
తలుపు రెండుసార్లు కొడితే మనోడు,
మూడుసార్లు కొడితే లైటు బంజేస్త.

ప్రతి గురువారం రాత్రి లింబాద్రన్న వస్తడు.
"చెవుల మీది వెంట్రుకలు మర్వకు తమ్మీ" అంటడు.
మెడ ఎనుక గీత సక్కగ రావాలె,
మీసం పోస్టుమాస్టరు మీసమోలె ఉండాలె.
పెండ్లిపిలగాడు గూడ ఇంత సతాయించడు.

బతాకా లేక ఆరేండ్లు.
పారిపోయిండని కఫీల్ రాసిచ్చిన కాయితం
ఏ ఆఫీసుల ఏ బీరువల ఉన్నదో.
క్యాంపంతా ఆయన్ని ఖల్లివల్లి అంటది.
ఆయన మాత్రం ఇస్త్రీ లేని అంగి తొడగడు.
ఇస్త్రీపెట్టె కాలిపోయిన నాడు
చాయ్ గిన్నెల నీళ్లు మసలబెట్టి
దాని అడుగుతోని కాలరు ఒత్తుకున్నడు.
జేబుల రెండు పెన్నులు, ఒకటి రాయది.
సంకల నల్ల ఫైలు.

"పోలీసోడు మొకం చూడడు తమ్మీ, కాళ్లు చూస్తడు.
సిమెంటంటిన చెప్పులనే బతాకా అడుగుతడు.
పాలిష్ కొట్టిన బూటుకు తొవ్వ ఇడుస్తడు."

పగలంత సాల్మియాల
మేడల మీది నీళ్లట్యాంకులల్ల దిగి పాకురు గీకుతడు.
పొద్దుగూకంగ మోచేతుల దాకా సబ్బు రుద్దుకొని,
సంచిలకెల్లి అంగి తీసి దులిపి,
పెద్ద సారోలె బస్సెక్కుతడు.
ఉరకడు. ఎనుకకు మర్రి చూడడు.
భయపడ్డోడే జల్ది నడుస్తడని
ఎన్నడో ఎవలో చెప్పిన్రట.

ఆ ఫైల్ల ఏముంటదే అన్నా, అని ఒకసారి అడిగిన.
ఇప్పి చూపిండు.
ఉల్లిగడ్డల రేట్లేసిన సూపర్‌మార్కెట్ కాయితం,
ఒక దువ్వెన,
ఇంకొకటి, మడత పడకుండ దాసిన బయోడేటా.
మస్తాన్ వలి, రాయచోటి, ఐటీఐ ఫిట్టరు.
బస్సుల పక్కన కూసున్న పిలగాడు
"సార్, మీ కంపెనీల ఏమన్న ఖాళీ ఉంటే" అని
రెండు చేతులతోని ఇచ్చిండట.
"తీస్కోకపోతే అనుమానమొస్తది గద" అన్నడు లింబాద్రన్న.
అని, నవ్వలే.
ఆ కాయితం పారేయలే గూడ.

ఈ నెల ఆమ్నెస్టీ ఇచ్చిన్రు.
జుర్మానా మాఫీ, ఔట్‌పాసు తీస్కొని పోవచ్చు.
నిన్న రాత్రి వచ్చి కుర్సీల కూసున్నడు.
మెడకు తువ్వాల సుట్టిన, నురగ పెట్టిన.
చెయ్యి పట్టుకొని ఆపిండు.

"సాఫ్‌గ పోతే పైసలున్నోడనుకుంటరట,
కట్టిపో అంటరట.
మాసిపోయి పోతే లైన్లకెల్లే గుంజేస్తరట.
ఎంత గడ్డముంటె ఇడుస్తరు తమ్మీ?"

ఇరువై ఏండ్లసంది గీకుతున్న.
తాతకాన్నుంచి ఇదే కత్తి, ఇదే పని.
ఈ కొలత నన్నెవ్వలడగలే.

అద్దంల ఇద్దరం చూసినం.
ఆయన భుజాలు కొంచెం వంచి చూసిండు,
మల్ల నిలవెట్టిండు.
కాలరు గుండీ ఇప్పిండు. పెట్టుకున్నడు.
దండం పెట్టే మొకం ఒకటి ఏసిండు,
అది ఆయనకు రాలే.
పెదిమ కింద నురగ ఎండిపోయింది.

ఆఖరికి దవడల మీద రెండు రోజులది ఉంచమన్నడు.
మీసం మాత్రం ముట్టనియ్యలే.
పోతా పోతా దువ్వెన జేబుల పెట్టుకొని
ఫైలు నా చేతిల పెట్టిండు.
"అండ్ల ఆ పిలగాని నంబరున్నది. ఫోన్ జెయ్యి.
మేనేజరు ఊరికి పోయిండని చెప్పు.
ఏడాదిసంది ఎదురుసూస్తుండొచ్చు."

ఇయ్యాల పొద్దున కలిపిన.
రెండో రింగుకే ఎత్తిండు, "సార్?" అన్నడు,
నిలబడ్డట్టు సప్పుడైంది.

నేను కత్తి కింద పెట్టి
చేతులు తుడుసుకొని
గొంతు సవరించుకున్న.